ఊరికే ఉండటం నేర్చుకున్న ఈతగత్తె: కడప బావి నుంచి పగడపు దిబ్బ దాకా ఒక కేస్ స్టడీ

ఈ కేసు 22 ఏళ్ల ఎం.ఎస్సీ. జువాలజీ విద్యార్థినిది. ఊరు కడప జిల్లాలో వేంపల్లె దగ్గర. నాయనకు ఆరెకరాల చేను, ఒక బావి. ఆమె పేరు, ఊరి పేరు రాయడం లేదు. రాసిందంతా ఆమె చదివి సరే అన్నాకే బయటికి ఇస్తున్నాను. నేను కడపలో జువాలజీ చెబుతాను, సెలవుల్లో డైవింగ్ చేస్తాను. అండమాన్‌లో జరిగే ఒక పగడపు దిబ్బల సంరక్షణ కార్యక్రమానికి వలంటీర్లుగా ఏటా ఇద్దరు ముగ్గురు విద్యార్థులను తయారుచేసి తీసుకెళ్తాను. ఆమెను మొదటి ఈత పరీక్ష నుంచి ఆఖరి సర్వే దాకా పక్కనే ఉండి చూశాను.

మిగతావాళ్లందరినీ వదిలి ఈమె కేసే రాయడానికి ఒక కారణం ఉంది. నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఈతలో ఆమె అంత గట్టివాళ్లు లేరు. నీటి అడుగున ఆమెకు వచ్చిన చిక్కుల్లో ఎక్కువ భాగం ఆ గట్టితనం నుంచే వచ్చాయి. రాయలసీమ పల్లెల నుంచి ఇంకా పిల్లలు వస్తారు, వాళ్లూ బావుల్లోనే ఈత నేర్చుకుని ఉంటారు. వాళ్లను తయారుచేసేవాళ్లకు ఇది పనికొస్తుందని నా నమ్మకం.

ఎలా మొదలైంది

వేంపల్లె చుట్టుపక్కల డోలమైట్ రాళ్లలో స్ట్రోమటోలైట్లు కనిపిస్తాయి. ఎర్రగడ్డను అడ్డంగా కోస్తే కనిపించే పొరల్లాగా రాయిలో గుండ్రటి పొరలు ఉంటాయి. దాదాపు 190 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ లోతులేని సముద్రం ఉండేది. ఆ నీళ్లలో సయనోబాక్టీరియా జిగురు పొరలుగా పెరిగి, వాటి మీద సున్నపు మట్టి పేరుకుని, మళ్లీ దాని మీద ఇంకో పొర పెరిగి ఈ రాయి అయింది. అప్పటికి భూమ్మీద జంతువు అన్నదే లేదు. క్లాసును అక్కడికి తీసుకెళ్లిన రోజు అందరూ ఫొటోలు దిగుతుంటే ఈ అమ్మాయి రాయి మీద చెయ్యి పెట్టి అడిగింది: "ఇట్ల రాయి కట్టేటివి ఇప్పుడు యాడన్నా ఉండాయా మేడం?"

స్ట్రోమటోలైట్లే కావాలంటే ఆస్ట్రేలియాలోని షార్క్ బేలో ఇంకా పెరుగుతున్నాయి. కానీ ఇవాళ సముద్రంలో సున్నపురాయిని పెద్ద ఎత్తున కడుతున్నది పగడాలు. వీటికీ వాటికీ చుట్టరికం లేదు. అవి బాక్టీరియా, ఇవి జంతువులు. మన దేశంలో పెద్ద పగడపు దిబ్బలు కచ్ సింధుశాఖలో, మన్నార్ సింధుశాఖ, పాక్ బే ప్రాంతంలో, లక్షద్వీప్‌లో, అండమాన్ నికోబార్‌లో ఉన్నాయి. మన తీరంలో కృష్ణా, గోదావరి తెచ్చిపోసే ఒండ్రు వల్ల నీళ్లు మసకగా ఉంటాయి కాబట్టి అలాంటి దిబ్బలు పెరగలేదు. ఇదంతా ఆ రాళ్ల మీద కూర్చునే చెప్పాను. వారం తర్వాత వచ్చి, "నేను పోయి పగడాలు నాటల్ల మేడం" అంది.

వచ్చే ప్రతి విద్యార్థీ నాటడం గురించే అడుగుతారు. చెట్టు నాటినట్టు పగడం ముక్కను ఒక ఫ్రేముకు కట్టి, అది పెరిగితే దిబ్బ మీద అతికించే పని నిజంగానే ఉంది. మంచి పనే. అయితే నీళ్లు వేడెక్కిన ఏడాది నాటిన ముక్కలూ పాత పగడాలతో పాటే తెల్లబడతాయి. దిబ్బకు ఏమవుతోందో తెలియాలంటే ఒకే చోటికి మళ్లీ మళ్లీ వెళ్లి, ఒకే పద్ధతిలో లెక్క రాసుకురావాలి. విద్యార్థి వలంటీరు చేతనైనంత బాగా చేయగలిగే పని ఇదేనని నా అభిప్రాయం. ఆమెకు మొదటే చెప్పాను. కాస్త చిన్నబుచ్చుకుంది, కానీ వెనక్కి తగ్గలేదు.

తొలి పరీక్ష

ఓపెన్ వాటర్ అనేది సిలిండరుతో డైవింగ్ నేర్చుకునేవాళ్ల తొలి కోర్సు. అందులో చేరాలంటే ఆగకుండా 200 మీటర్లు ఈదాలి, 10 నిమిషాలు ఏ ఆసరా లేకుండా తేలుతూ ఉండాలి. కడపలో ఈత కొలనులో రెండూ పెట్టాను. 200 మీటర్లు ఆమెకు లెక్కలోకి రాలేదు. తేలడం దగ్గరే ఆశ్చర్యం ఎదురైంది. నాలుగో నిమిషానికే రొప్పుతోంది. కాళ్లు, చేతులు ఒక్క క్షణం ఆగవు. నీళ్లలో ఉంటే ఏదో ఒకటి చేస్తూ ఉండాలి, లేకపోతే మునుగుతాం అన్నది ఆమె ఒంటికి పట్టిన పాఠం. గట్టు పట్టుకుని ఊపిరి తీసుకుంటూ ఆమె అన్న మాట నా నోట్‌బుక్‌లో ఉంది: "నాకు ఈదేది వచ్చు మేడం, ఊరికే ఉండేదే రాదు."

ఆరేళ్ల వయసులో నడుముకు బెండు కట్టుకుని నాయన బావిలో దిగిందట. వేసవి సెలవుల్లో అన్నలతో పందెం. మూడు మట్ల లోతుకు పోయి అడుగున ఉన్న మన్ను పిడికెడు తెచ్చి చూపించాలి. ఆ పందెం ఎలా ఆడేవాళ్లో విడమరిచి అడిగాను. దూకే ముందు పది పదిహేను సార్లు గబగబా గట్టిగా ఊపిరి పీల్చి వదిలేవాళ్లట. ఇది చాలా ప్రమాదం. అలా చేస్తే ఒంట్లో ఆక్సిజన్ పెద్దగా పెరగదు, కార్బన్ డయాక్సైడ్ మాత్రం తగ్గిపోతుంది. ఊపిరి తీసుకోవాలన్న ఆరాటం పుట్టించేది ఆ కార్బన్ డయాక్సైడే. ఆరాటం రాకుండానే ఆక్సిజన్ అయిపోయి మనిషి నీళ్లలోనే స్పృహ తప్పుతాడు. గట్టు మీద ఉన్నవాళ్లకు ఇంకా మునిగే ఉన్నాడనిపిస్తుంది. ఈత బాగా వచ్చినవాళ్లు కూడా బావుల్లో పోవడానికి ఇదొక కారణం. పల్లెల్లో పిల్లలున్న ప్రతి ఇంట్లో ఈ మాట చెప్పాలి.

రెండో సంగతి చెవి. పందెంలో చెవి నొప్పిని ఓర్చుకోవడం మగతనంగా, ఆమె విషయంలో అన్నలతో సమానం అనిపించుకునే దారిగా ఉండేది. చిన్నప్పుడు ఎడమ చెవి కారేదని మెడికల్ ఫారంలో రాసింది. నేను అక్కడే ఆపేశాను. ఈ.ఎన్.టి. డాక్టరు చూసి, కర్ణభేరికి చిల్లు లేదు, పాత మచ్చ మాత్రం ఉందని, చెవులు రెండూ సరిగ్గా తెరుచుకుంటున్నాయని రాసిచ్చాకే ముందుకు వెళ్లాం. బావి ఈత పిల్లల్లో చెవి సమస్య చాలా మామూలు. ఫారంలో "లేదు" అని టిక్ పెట్టేస్తే ఎవరూ అడగరు. ఆమె దాచకుండా రాయడం నాకు ఆమె మీద నమ్మకం కలిగించిన మొదటి పని.

బావిలో, చేనులో 8 వారాలు

ఆదివారాలు వాళ్ల బావి దగ్గరికే వెళ్లేదాన్ని. వాడుకలో ఉన్న బావి, మెట్లున్నాయి, నీళ్లు తేటగా ఉన్నాయి. మోటారుకు కరెంటు ఆపించాకే దిగేవాళ్లం. పైన తాడుతో వాళ్ల అన్న కూర్చునేవాడు. సిలిండరు ఏదీ లేదు. మాస్కు, స్నార్కెల్, ఫిన్స్ మాత్రమే. ఈ 8 వారాల్లో నేను ఆమెకు కొత్తగా నేర్పినవి తక్కువ, మాన్పించినవి ఎక్కువ.

చెవి నొప్పి రాకముందే, తల నీళ్ల కింద పెట్టిన క్షణం నుంచే ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊది చెవులు సర్దుకోవాలి. నొప్పి వచ్చిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు, కాస్త పైకి రావాలి. ఇది అర్థం కావడానికి ఆమెకు ఒక్క రోజు చాలింది. నొప్పి మొదలైనా కిందికే పోయే అలవాటు వదలడానికి నెల పట్టింది.

తేలడానికి మాత్రం వేరే దారి లేదు. వెల్లకిలా పడుకుని, కాళ్లు కదపకుండా, పైన గుండ్రంగా కనిపించే ఆకాశాన్ని చూస్తూ ఉండటమే. ఆరో వారం ఒక మధ్యాహ్నం 10 నిమిషాలు దాటినా లేవకపోతే గట్టు మీద నుంచి వాళ్ల అన్న కంగారుపడి పిలిచాడు. నిద్ర వచ్చినట్టుందని నవ్వింది.

సర్వే పద్ధతి నేర్పింది చేనులో. మేం వాడేది రీఫ్ చెక్ పద్ధతి. 1997లో మొదటిసారి ప్రపంచమంతటా ఒకేసారి వలంటీర్లతో దిబ్బల లెక్క తీసింది ఈ పద్ధతితోనే. 100 మీటర్ల టేపు పరుస్తారు. దాని మీద 20 మీటర్ల చొప్పున నాలుగు ముక్కలు, ముక్కకూ ముక్కకూ మధ్య 5 మీటర్ల ఖాళీ. ప్రతి అర మీటరుకు టేపు కింద సరిగ్గా ఏముందో రాయాలి: బతికిన గట్టి పగడమా, మెత్తటి పగడమా, ఈమధ్యే చచ్చిందా, రాయా, ముక్కలా, ఇసుకా, బురదా. ముక్కకు 40, మొత్తం 160 పాయింట్లు.

శనక్కాయ పీకేసిన చేనులో టేపు పరిచి, మేస్త్రీ వాడే తూకం గుండును ప్రతి అర మీటరుకూ వదిలి, అది ఎక్కడ తాకితే అది రాయించాను. మన్ను, రాయి, గడ్డి, ఎండు తీగ. వాళ్ల నాయన గట్టు మీద నిలబడి కాసేపు చూసి, "ఏం మేడం, సర్వేయరు వచ్చినట్టుంది, నా చేను ఎవరికన్నా రాయిస్తాండారా?" అన్నాడు. ఎందుకు చేస్తున్నామో ఆమే చెప్పింది: "నాయనా, విత్తనం వేసినాక సాలు పొడుగునా పోయి ఎన్ని మొలిచినాయి, ఎన్ని ఎండినాయని చూస్తావు గదా. బాగుండే కాడ మాత్రమే చూస్తే పంట లెక్క తప్పుతుంది. ఇదీ అంతే." ఆ తర్వాత నేను టేపును సాలు అనే అంటున్నాను. గుండు ఎందుకంటే, కన్ను తనకు నచ్చినదాని వైపు జరుగుతుంది. పక్కనే అందమైన పగడం ఉంటే, కింద ఉన్న ఇసుకను వదిలి దాన్ని రాసేస్తాం. గుండుకు అలాంటి ఇష్టాలు లేవు.

డబ్బు గురించి కూడా చెప్పాలి. అండమాన్‌లో ఓపెన్ వాటర్ కోర్సుకు పాతిక నుంచి ముప్పై అయిదు వేలు అవుతుంది. ప్రయాణం, బస, డైవింగ్ బీమా వేరు. వలంటీరు పని అయినా చాలాచోట్ల వలంటీరే డబ్బు కట్టాలి. ఆమె కోర్సు ఫీజు ఆ ఏటి శనక్కాయల డబ్బు. ఆ మాట నా తలలో ప్రతి రోజూ ఉండేది.

గాలి తక్కువ వాడినందుకు వచ్చిన మెచ్చుకోలు

అండమాన్‌లో కోర్సు నాలుగు రోజుల్లో బాగా పూర్తయింది. చెవి ఇబ్బంది పెట్టలేదు. సరదాగా చేసిన మొదటి డైవ్ నుంచి పైకి వచ్చాక అక్కడి శిక్షకుడు ఆమె సిలిండరులో గాలి ఎంత మిగిలిందో చూపే గేజ్ చూసి మెచ్చుకున్నాడు. అందరూ 200 బార్‌తో (బార్ అంటే గాలి ఒత్తిడి కొలత) దిగి 70, 80కి వస్తే ఆమెది 120 దగ్గర ఉంది. కొత్తవాళ్లు ఎప్పుడూ ఎక్కువ గాలి వాడతారు. పడవలో అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె ముఖం వెలిగిపోయింది.

ఆ సాయంత్రం తలనొప్పి అని అన్నం తినకుండా పడుకుంది. మర్నాడూ అంతే, గాలి మిగిలింది, తల నొప్పింది. నాకు అనుమానం వచ్చి మూడో డైవ్‌లో ఆమె పక్కనే ఉండి బుడగలు మాత్రమే చూశాను. బుడగలు వస్తాయి, ఆగుతాయి, లెక్కపెడితే పది పన్నెండు క్షణాల దాకా ఏమీ రావు, మళ్లీ ఒక పెద్ద గుంపు. ఊపిరి పీల్చి బిగపట్టి ఉంచుతోంది. బావిలో పదహారేళ్లు చేసింది అదే. గాలి మిగలడం, తలనొప్పి రెండూ దాని ఫలితమే. కార్బన్ డయాక్సైడ్ ఒంట్లో పేరుకుంటే తల నొప్పుతుంది.

తలనొప్పితో పోయేది కాదిది. 10 మీటర్ల లోతులో ఒంటి మీద ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపు. అక్కడ సిలిండరు నుంచి నిండా పీల్చిన గాలిని బిగపట్టి పైకి వస్తే ఉపరితలానికి చేరేసరికి ఆ గాలి రెండింతలు కావాలని చూస్తుంది. ఊపిరితిత్తులు అంత సాగవు, చినుగుతాయి. మీటరున్నర లోతు నుంచి కూడా ఇది జరగవచ్చు. బావిలో పైన పీల్చిన గాలితోనే దిగుతాం, అదే గాలితో పైకి వస్తాం కాబట్టి ఆ భయం లేదు. సిలిండరుతో దిగినప్పుడు మొట్టమొదటి నియమం ఊపిరి బిగపట్టకూడదు అన్నది. కోర్సు పుస్తకంలో చదివింది, పరీక్షలో సరిగ్గా రాసింది. ఒళ్లు మాత్రం పాత పద్ధతే పాటించింది.

నా తప్పు కూడా రాయాలి. 8 వారాలు చెవి మీద, తేలడం మీద పెట్టిన శ్రద్ధలో నాలుగో వంతు ఊపిరి మీద పెట్టలేదు. బావి పందెం గురించి నోట్‌బుక్‌లో వివరంగా రాసుకుని కూడా, అది సిలిండరుతో ఎలా కలుస్తుందో ముందే ఆలోచించలేదు.

కొమ్మ విరిగిన రోజు

కార్యక్రమం వాళ్లు అయిదో రోజే ఆమెను నర్సరీ పనికి పెట్టారు. ఫ్రేముకు కట్టిన పగడం ముక్కల మీద పెరిగిన నాచును మెత్తటి బ్రష్‌తో తీయాలి. ఇంకొన్ని రోజులు ఆగుదామని నేను అడిగాను. డబ్బు కట్టి వచ్చిన వలంటీర్లు పగడాల దగ్గర పని ఆశిస్తారని, ఆమె ఈత చూస్తే భయం అక్కర్లేదని జవాబు వచ్చింది. అక్కడ గట్టిగా పట్టుబట్టి ఉండాల్సింది.

8 మీటర్ల లోతు. బ్రష్ మీద దృష్టి పెట్టిన ఆమె మళ్లీ ఊపిరి బిగపట్టింది. ఊపిరితిత్తుల్లో ఒక లీటరు గాలి ఎక్కువైతే దాదాపు కిలో బరువు తగ్గినట్టే. మెల్లగా పైకి లేచింది. లేస్తున్నానని తెలిసి, తేలడానికి గాలి నింపుకునే డైవింగ్ జాకెట్టులో గాలి మొత్తం ఒక్కసారి వదిలింది, ఊపిరి కూడా వదిలింది. రాయిలా కిందికి వచ్చింది. పడేవాళ్లు ఏదో ఒకటి పట్టుకుంటారు. ఆమె చేతికి దొరికింది ఫ్రేము పక్కన పెరిగిన ఆక్రోపోరా కొమ్మ. అరచెయ్యంత ముక్క విరిగి చేతిలోకి వచ్చింది.

కొమ్మల్లాగా పెరిగే ఆక్రోపోరా అనుకూలమైన చోట ఏడాదికి 10 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. గుండ్లలాగా పెరిగే పోరైటిస్ అయితే ఏడాదికి ఒక సెంటీమీటరు కాస్త అటూ ఇటూ. అంటే విరిగిన ఆక్రోపోరా ముక్క తక్కువలో తక్కువ ఏడాది, రెండేళ్ల పెరుగుదల. ముక్కను కార్యక్రమం వాళ్లు నర్సరీ ఫ్రేముకే కట్టారు. ఆమె పడవలో ఎవరితోనూ మాట్లాడలేదు. బసకు వచ్చాక, "నాటడానికి వచ్చి విరిచినా మేడం" అని ఏడ్చింది.

ఓదార్చాను. అయితే ఏమీ కాదులే అనలేదు, ఎందుకంటే అయింది. లాగ్‌బుక్ తెరిచి జరిగింది జరిగినట్టు రాయించాను: లోతు, సమయం, గాలి ఎంత, విరిగిన ముక్క పొడుగు, ఎందుకు. మర్నాడు ఉదయం కార్యక్రమం వాళ్లతో గట్టిగానే మాట్లాడి ఆమెను నర్సరీ నుంచి తీయించాను. మిగిలిన రోజుల్లో సగం ఇసుక మీదే అని ముగ్గురం ఒప్పుకున్నాం.

ఇసుక మీద 5 డైవ్‌లు

పగడం ఒక్కటీ లేని చోట, 6 మీటర్ల లోతులో ఇసుక నేల. పని ఒకటే, నేలకు ఒక చెయ్యెత్తున అడ్డంగా, కదలకుండా ఉండటం. కాళ్లు ముడిచి, చేతులు కట్టుకుని.

మొదటి పని బరువు తగ్గించడం. ఆమె నడుముకు 6 కిలోలు కట్టారు. తేలకుండా ఉండాలని కొత్తవాళ్లకు ఎక్కువ కట్టడం చాలాచోట్ల అలవాటు. ఎక్కువ బరువుకు సరిపెట్టడానికి జాకెట్టులో ఎక్కువ గాలి, ఆ గాలి లోతుతో మారుతూ మనిషిని కిందా మీదా చేస్తుంది. ఒక్కో కిలో తీసి చూస్తే 4 కిలోలు చాలాయి.

ఊపిరికి ఆమే ఉపాయం కనిపెట్టింది. ఏడో ఎక్కం. ఒక వరస మనసులో చదువుతూ పీల్చడం, తర్వాతి వరస చదువుతూ వదలడం. ఎక్కం ఆగకూడదు, కాబట్టి ఊపిరీ ఆగదు. "ఏడు పదులు డెబ్బై" అయ్యాక మళ్లీ మొదటికి. పీల్చినప్పుడు జానెడు పైకి లేస్తుంది, వదిలినప్పుడు జానెడు దిగుతుంది, అంతే. మూడో డైవ్‌లో ఒక చిన్న గోబీ చేప ఇసుకలోని బొరియ నుంచి బయటికి వచ్చి ఆమె ముఖానికి మూరెడు దూరంలో కూర్చుంది. నీళ్లలో ఆమె ఊరికే ఉండటం నేను చూసిన మొదటి రోజు అది. ఆ రోజు గాలి అందరిలాగే అయిపోయింది. సాయంత్రం అన్నం బాగా తింది.

ఫిన్స్ కొట్టే తీరు కూడా మార్చాం. బావి ఈతలో కాళ్లు పైకీ కిందికీ కొడతారు. దిబ్బ మీద అలా కొడితే ఇసుక లేచి పగడాల మీద పడుతుంది. కప్ప కొట్టినట్టు పక్కలకు కొట్టడం ఆమెకు రెండు రోజుల్లో వచ్చింది.

పలక మీద లెక్కలు

ఎనిమిదో రోజు నుంచి సర్వే. ఒకే సాలు మీద ఇద్దరం, ముందు నేను, వెనక ఆమె. ఒకరి పలక ఒకరు చూడకూడదు. ప్రతి పాయింటునూ మూడో మనిషి ఫొటో తీస్తాడు.

మొదటి రోజు 160 పాయింట్లలో 27 చోట్ల మా రాతలు కలవలేదు. వాటిలో ఎక్కువ భాగం తెల్లగా కనిపించిన పగడాల దగ్గర. ఇక్కడ కొత్తవాళ్లందరూ తడబడతారు. పగడం ఒంట్లో సూక్ష్మమైన శైవలాలు, అంటే కంటికి కనిపించని నాచు లాంటి జీవులు ఉంటాయి. రంగూ, తిండిలో ఎక్కువ భాగమూ వాటివే. నీళ్లు మామూలు వేసవి గరిష్ఠం కంటే ఒక డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే పగడం వాటిని బయటికి పంపేస్తుంది. అప్పుడు పారదర్శకమైన కండ కింద తెల్లటి ఎముక కనిపిస్తుంది. అది తెల్లబడింది, చావలేదు. లెక్కలో బతికిన పగడంగానే రాసి, తెల్లబడిందని పక్కన గుర్తు పెట్టాలి. ఈమధ్యే చచ్చినదైతే కండ ఉండదు, ఎముక మీది చిన్న గిన్నెల అంచులు చెదరకుండా స్పష్టంగా ఉంటాయి. చచ్చి చాలా కాలమైతే నాచు పట్టి ఉంటుంది, దాన్ని రాయి కింద రాస్తాం. 15 సెంటీమీటర్ల కంటే చిన్న ముక్కలైతే రాళ్లముక్కల కింద. ఇసుకా బురదా తేడా తెలియకపోతే చిటికెడు తీసి వదలాలి. వెంటనే కిందికి పడితే ఇసుక, పొగలా నిలిస్తే బురద.

చేపల లెక్కలో ఆమె గ్రూపర్లను ఎక్కువ రాసింది. ఈ పద్ధతిలో 30 సెంటీమీటర్లు దాటినవే లెక్క. మాస్కు అద్దం వల్ల నీళ్లలో ప్రతిదీ మూడో వంతు పెద్దగా కనిపిస్తుంది. 30 సెంటీమీటర్ల కర్రను పలకకు కట్టి తీసుకెళ్లమన్నాను, సర్దుకుంది.

ఆఖరి రోజు తేడాలు 9కి తగ్గాయి. ఆ 9 గురించి రాయకుండా ఈ కేసు పూర్తి కాదు. సాయంత్రం పలకలు పక్కపక్కన పెట్టుకుని, ఆమెవి తప్పులే అనుకుని దిద్దుకోమన్నాను. దిద్దలేదు. "నేను చూసింది రాసినా మేడం. ఫొటో చూద్దాం" అంది. చూశాం. 9లో 5 చోట్ల ఆమె రాసిందే సరి. చిన్నగా మొలుస్తున్న పగడపు పిల్లలను నేను రాయిగా రాసేశాను. ఏళ్ల తరబడి చూసిన కన్ను వేగంగా పోతుంది, చిన్నవాటిని దాటేస్తుంది. మిగిలిన నాలుగింటిలో రెండు చోట్ల ఆమె పలక మీద ప్రశ్నార్థకం మాత్రమే ఉంది. తెలియనప్పుడు ఊహించి రాయకుండా ప్రశ్నార్థకం పెట్టే వలంటీరు నాకు దొరకడం అరుదు. ఆమె అడగకుండా నా మాట విని దిద్దుకుని ఉంటే, ఆ అయిదు పిల్ల పగడాలు ఆ ఏటి లెక్కలో ఉండేవి కాదు.

రంగుల చార్టుతో 20 పగడాలను కూడా చూశాం. ఇది క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో తయారైన కోరల్‌వాచ్ చార్టు. 1 అంటే తెలుపు, 6 అంటే చిక్కటి రంగు. చార్టును పగడం పక్కనే పట్టి, అన్నింటికంటే లేత భాగం, అన్నింటికంటే చిక్కటి భాగం రెండింటి అంకెలు రాయాలి. నీళ్లలో కిందికి పోయేకొద్దీ ఎరుపు ముందు పోతుంది, కాబట్టి పడవెక్కాక గుర్తుతెచ్చుకుని రాస్తే పనికిరాదు. అదే పగడం తర్వాతి చూపులో రెండు అంకెలు తగ్గితే దాని ఒంట్లోని శైవలాలు నిజంగా తగ్గాయని అర్థం. ఆమె చూసినవి ఎక్కువ భాగం 4, 5 దగ్గర ఉన్నాయి. అది జనవరి. 2024 ఏప్రిల్‌లో ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి పగడాలు తెల్లబడుతున్నాయని శాస్త్రవేత్తలు ధ్రువీకరించినప్పుడు, అక్కడి బృందం అదే సాలు మీద దిగింది. ఆమె 5 అని రాసిన ఒక పోరైటిస్ గుండు ఫొటో పంపారు. పైభాగం పాలిపోయి ఉంది. "ముందు" ఎలా ఉందో చెప్పడానికి వాళ్ల దగ్గర ఆమె పలక ఉంది.

తిరిగి వచ్చాక

ఆఖరి డైవ్‌కూ విమానానికీ మధ్య పూర్తిగా ఒక రోజు ఉంచాం. ఒకటి కంటే ఎక్కువ డైవ్‌లు చేసినవాళ్లు కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. ఒంట్లో కరిగిన నైట్రోజన్ మెల్లగా పోవాలి.

ఇంటికి వెళ్లిన రోజు నేనూ ఉన్నాను. వాళ్ల జేజి మొదట అడిగింది, "పగడం తెచ్చినావా?" జేజి మెడలో నల్లపూసల మధ్య రెండు ఎర్ర పగడాలున్నాయి. తేలేదని, తేకూడదని, 2001 నుంచి దిబ్బలు కట్టే పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులితో సమానంగా మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయని, ఒడ్డున చచ్చి పడిన ముక్క కూడా సంచిలో వేసుకోకూడదని మనవరాలు చెప్పింది. నగల్లో వాడే ఎర్ర పగడం వేరే జాతి, పేరు పడ్డ రకం మధ్యధరా సముద్రంలోది అని కూడా చెప్పింది. జేజి మెడలోవి పట్టుకుని చూసుకుని, "ఇవీ పాణమున్నెవేనా అయితే?" అంది. అవునంది. జేజి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, నీళ్లలో అవి ఎట్ల తింటాయి అని అడిగింది. రాత్రిపూట చేతులు చాపి నీళ్లలో కొట్టుకొచ్చే చిన్న పురుగులను పట్టుకుంటాయని ఆమె వేళ్లు ఆడించి చూపించింది.

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో మార్చినవి ఉన్నాయి. ఈత పరీక్షలో ఇప్పుడు ముందు తేలడమే పెడుతున్నాను, ఈదడం తర్వాత. ఊపిరి బిగపట్టే అలవాటు గురించి విడిగా ఒక గంట మాట్లాడి, పడక మీద పడుకోబెట్టి ఎక్కం చదివిస్తూ ఊపిరి తీయిస్తున్నాను. మొదటి 5 డైవ్‌లు ఇసుక మీదే అని కార్యక్రమం వాళ్లతో ముందే రాయించుకుంటున్నాను. అది కుదరదన్న ఒక చోటికి ఈ ఏడు పిల్లలను పంపలేదు. డైవింగ్‌లో ఒంట్లో గాలి బుడగలు ఏర్పడి జబ్బుపడినవాళ్లకు ఒత్తిడి పెంచి చికిత్స చేసే రీకంప్రెషన్ చాంబర్ ఎక్కడ ఉందో, అక్కడికి ఎంతసేపు పడుతుందో తల్లిదండ్రులకు కాగితం మీద ఇస్తున్నాను.

ఈ ఏడు వచ్చినవాళ్లు ముగ్గురు. ఆ బావిలోనే తయారవుతున్నారు, నేర్పేది ఎక్కువగా ఆమే. ముగ్గురిలో ఒక అబ్బాయికి కర్ణభేరికి చిల్లు ఉందని డాక్టరు తేల్చాడు. డైవింగ్ కుదరదు. చాలా బాధపడ్డాడు. సాలు మీద తీసిన ఫొటోలను కంప్యూటరులో పెట్టి, ఒక్కో ఫొటో మీద పడిన పాయింట్ల కింద ఏముందో గుర్తించే పని అతనికి ఇచ్చాను. దిబ్బల పని చేసేవాళ్లందరి దగ్గరా ఇలాంటి ఫొటోలు కుప్పలుగా పడి ఉంటాయి, చూసేవాళ్లు తక్కువ. కడపలో అద్దె గదిలో కూర్చుని రోజూ రాత్రి కొన్ని చూస్తున్నాడు. అతను చేసినవాటిని ఆమె వారానికోసారి మళ్లీ చూస్తుంది, అతని జవాబులు ముందు చూడకుండా. పోయిన వారం 60 ఫొటోలు చేసి పంపాడు, వాటిలో 11 చోట్ల ప్రశ్నార్థకాలున్నాయి. ఆ 11 ఫొటోలూ ఇప్పుడు నా బల్ల మీద ఉన్నాయి, ఇవాళ రాత్రి చూడాలి.